కడుపు పండకపోతే తప్పు కోడలిదేనా?

మగవారి సంతానశక్తిని దెబ్బతీసిన ఒక పురుగుమందు కథ

పెళ్లయి నాలుగేళ్లు దాటినా ఇంట్లో ఉయ్యాల కట్టకపోతే ఊరి నోళ్లన్నీ కోడలి మీదే పడతాయి. పేరంటాల్లో ఆమెను వెనక్కి నెడతారు. గుళ్లూ గోపురాలూ తిప్పుతారు. నాగులపుట్టలో పాలు పోయిస్తారు, చెట్టుకు ఉయ్యాల కట్టిస్తారు. తర్వాత పట్నం తీసుకెళ్లి స్కానింగులు, రక్తపరీక్షలు, గర్భసంచి పరీక్షలు చేయిస్తారు. వేలకు వేలు ఖర్చయినా ఫలితం కనబడకపోతే, అబ్బాయికి మరో సంబంధం చూద్దామన్న మాట మెల్లగా బయలుదేరుతుంది. ఇంత జరిగినా ఆ అబ్బాయిని మాత్రం ఒక్క పరీక్ష చేయించుకోమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు.

సంతానం లేని జంటల్లో సుమారు సగం మందిలో మగవారి వైపు లోపం కూడా ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. కొందరిలో లోపం మగవారిదే, కొందరిలో ఇద్దరిదీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమితో బాధపడుతున్నవారే. ఇది కొద్దిమంది తలరాత అనుకుని ఊరుకునే సంగతి కాదు.

మగవారి లోపానికి కారణాలు పుట్టుకతో రావచ్చు, జబ్బుల వల్ల రావచ్చు. చేసే పని నుంచి, పీల్చే గాలి నుంచి, తాకే మందు నుంచి కూడా రావచ్చునని అనుమానించేవారు చాలాకాలంగా ఉన్నారు. అనుమానాల సంగతి అలా ఉంచితే, ఒక్క విషయంలో మాత్రం సాక్ష్యం దొరికింది. అది పొలాల్లో వాడే మందే. దొరికింది మన దేశంలో కాదు, అమెరికాలో. అయినా మందు కొట్టే ప్రతి రైతూ, ప్రతి కూలీ తెలుసుకోదగిన కథ అది.

లాథ్రోప్‌లో బయటపడ్డ గుట్టు

కాలిఫోర్నియా రాష్ట్రంలో లాథ్రోప్ అనే ఊరుంది. అక్కడ ఆక్సిడెంటల్ కంపెనీకి చెందిన ఫ్యాక్టరీలో వ్యవసాయ మందులు తయారయ్యేవి. అందులో ఒకటి డి.బి.సి.పి. పంటల వేళ్లను పట్టి పీడించే నులిపురుగులను చంపడానికి దాన్ని నేలలోకి ఎక్కించేవారు. ద్రాక్ష, అరటి, అనాస, పత్తి వంటి పంటలకు 1950ల నుంచీ వాడుతున్న మందు. దిగుబడి బాగా పెరుగుతుందని పేరు కూడా ఉంది.

ఆ విభాగంలో పనిచేసే మగవాళ్లు తమలో తాము కష్టసుఖాలు చెప్పుకుంటుంటే ఒక సంగతి తేలింది. ఇక్కడ చేరాక తమలో బిడ్డలు కలిగినవారు ఎంతమంది అని లెక్క వేసుకుంటే వేళ్లు మడవాల్సిన పని కూడా పెద్దగా పడలేదు. ఒకరికి లేకపోతే దురదృష్టం అనుకోవచ్చు. ఒకే చోట పనిచేసే ఇంతమందికి లేకపోతే ఏమనుకోవాలి?

1977లో కొందరు ముందుకు వచ్చి వీర్యపరీక్ష చేయించుకున్నారు. ఫలితాలు చూసి పరీక్ష చేసినవారే నమ్మలేకపోయారు. డాక్టర్ డొనాల్డ్ వోర్టన్, ఆయన సహచరులు ఆ కార్మికులను పద్ధతిగా పరిశీలించి ఆ ఏడాది చివర్లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వివరాలు ప్రకటించారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోనివారు 25 మంది ఉంటే, వారిలో 14 మందికి వీర్యకణాలు బాగా తక్కువగానో, అసలు లేకుండానో ఉన్నాయి.

పనిచేసిన కాలానికీ నష్టానికీ లంకె కూడా కనబడింది. మిల్లీలీటరుకు 10 లక్షలకన్నా తక్కువ కణాలున్నవారంతా కనీసం మూడేళ్లు ఆ మందు దగ్గర పనిచేసినవారు. 4 కోట్లు దాటి ఉన్నవారిలో ఒక్కరు కూడా మూడు నెలలకు మించి పనిచేసినవారు లేరు. ఈ లెక్క చూశాక వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

ఇందులో మన మగవారు గట్టిగా గుర్తుంచుకోవలసిన ముక్క మరొకటి ఉంది. ఆ కార్మికులకు నొప్పి లేదు, జ్వరం లేదు, ఒంటి మీద దద్దుర్లు లేవు. మగ హార్మోను మామూలుగానే ఉంది. గడ్డం, గొంతు, కండబలం, కాపురం అన్నీ ఎప్పటిలాగే. లోపల వీర్యకణాలు తయారుచేసే యంత్రం మాత్రం ఆగిపోయింది. మగతనం వేరు, సంతానశక్తి వేరు అని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? "నాకేం తక్కువ?" అని మీసం మెలేసి పరీక్షకు రానంటున్నవారు ఈ సంగతి తెలిస్తే కొంచెం మెత్తబడతారేమో.

ఎలుకలు ముందే చెప్పాయి

ఈ మందు వృషణాలను కుదించివేస్తుందని 1977 దాకా ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. మందు తయారుచేసే కంపెనీల తరఫునే 1950లలో జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. ఎలుకలు, గినీ పందులు, కుందేళ్లలో వృషణాలు చిక్కిపోయినట్లు తేలింది. ఆ వివరాలు 1961లో ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి కూడా. అంటే పదహారేళ్లు ఆ కాగితం గ్రంథాలయాల్లో ఉండగానే కార్మికులు మందు కలుపుతూ, నింపుతూ, పీలుస్తూ పోయారు. తమ పిల్లల సంగతి తేలేదాకా ఎలుకల సంగతి వారికెవరూ చెప్పలేదు.

విషయం బయటపడ్డాక ఇతర ఫ్యాక్టరీల్లోనూ ఇదే కథ బయటపడింది. కాలిఫోర్నియా ప్రభుత్వం 1977లోనే వాడకం ఆపించింది. అమెరికా మొత్తం మీద 1979లో ఆగింది. హవాయి దీవుల్లో అనాస తోటలకు మాత్రం మినహాయింపు ఇచ్చి, దాన్నీ 1985లో తీసేశారు.

ఆ రోజుల్లోనే ఒక చిత్రమైన ఉత్తరం అమెరికా కార్మిక రక్షణ శాఖకు చేరింది. పీచ్ అనే పళ్లు పండించే రైతుల సంఘం రాసింది అది. మందు మానేయడం దేనికి, పిల్లలు వద్దనుకునే వయసు మళ్లినవారిని ఆ పనిలో పెట్టుకోవచ్చు కదా, కుటుంబ నియంత్రణను మతం ఒప్పుకోనివారికి కూడా ఇదో మార్గం అవుతుంది కదా అని దాని సారాంశం. నవ్వాలో ఏడవాలో తెలియని సలహా. పంట నష్టం ముందు మనిషి నష్టం ఎంత చులకనగా కనబడుతుందో చూపడానికి ఆ ఉత్తరాన్ని నేటికీ ఉదహరిస్తుంటారు.

మందు కొట్టడం ఆగినా మందు పోలేదు. కాలిఫోర్నియాలో పొలాల కింది భూగర్భ జలాల్లోకి దిగి, మంచినీళ్ల బావుల్లో కనబడింది. దశాబ్దాలు గడిచాక కూడా ఆ నీళ్లను బొగ్గు వడపోతల్లో శుద్ధి చేసి వాడవలసి వచ్చింది.

అరటితోటల పాలు

తమ దేశంలో వద్దన్న సరుకు ఎక్కడికి పోతుంది? బీద దేశాలకు పోతుంది. 1977 తర్వాత కూడా మధ్య అమెరికాలోని అరటితోటల్లో ఈ మందు వాడకం ఆగలేదు. తయారుచేసే ఒక కంపెనీ ఇక పంపలేమంటే, ఒప్పందం ప్రకారం పంపి తీరాలని కొనే అరటి కంపెనీ పట్టుబట్టిందని తర్వాత కోర్టులకెక్కిన కాగితాల్లో బయటపడింది. కోస్టారికా, నికరాగువా, హోండురాస్, ఫిలిప్పీన్స్ వంటి దేశాల్లో వేలాదిమంది కూలీలు మాకు పిల్లలు లేకుండా పోయారని కోర్టులకెక్కారు. ఆ వ్యాజ్యాలు దశాబ్దాలపాటు నడిచాయి. కొందరికి ఎంతో కొంత ముట్టింది. చాలామందికి వయసు ముట్టింది.

భారత ప్రభుత్వం డి.బి.సి.పి.ని 1989లో నిషేధించింది. కాబట్టి నేడు మన దుకాణాల్లో అమ్మే డబ్బాల్లో ఈ మందు ఉందేమోనని రైతులు బెంగపడనక్కరలేదు. అయితే ఒక మందు ఇంత పని చేయగలిగినప్పుడు, మిగిలినవాటి సంగతేమిటన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

కాసరగోడ్ నుంచి మన పత్తి చేల దాకా

మనకు దగ్గరలో ఉన్న ఉదాహరణ కేరళలోని కాసరగోడ్ జిల్లా. అక్కడ జీడితోటల మీద ఎండోసల్ఫాన్ మందును ఇరవై ఏళ్లకు పైగా హెలికాప్టర్లతో చల్లారు. కొండ మీద చల్లిన మందు కింది వాగుల్లోకీ బావుల్లోకీ దిగింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ నిపుణులు ఆ తోటల కింది గ్రామంలో 10 నుంచి 19 ఏళ్ల మధ్య వయసున్న 117 మంది బడి మగపిల్లలను, మందు చల్లని ఊళ్లో 90 మందిని పరిశీలించి 2003లో ఫలితాలు ప్రకటించారు. మందు చల్లిన ఊరి పిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ఆలస్యంగా వస్తున్నాయని, మగ హార్మోను తయారీకి ఆటంకం కలుగుతూ ఉండవచ్చునని తేల్చారు. సుప్రీంకోర్టు 2011 మే నెలలో దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. అంతకుముందు మన పత్తి రైతు ఇంట్లో ఆ డబ్బా లేని ఏడాది లేదు. పచ్చపురుగుకు కొట్టనివారెవరు?

ఇక మన రాష్ట్రం సంగతి. పత్తి చేలలో మందు కొట్టే మగవారి సంసారాల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర సంస్థకు చెందిన పరిశోధకులు చేసిన పరిశీలన 1991లో అచ్చయింది. మందు కొట్టేవారి జంటలు వెయ్యికి పైగా, మందు జోలికి పోనివారి జంటలు వెయ్యికి పైగా తీసుకుని పోల్చారు. మందు కొట్టేవారిలో సంతానం కలిగినవారు తగ్గారు. వారి భార్యలకు గర్భస్రావాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు, పుట్టిన కొద్దిరోజులకే పోయినవారు, అవకరాలతో పుట్టినవారు ఎక్కువగా కనబడ్డారు. అంతకుముందు ద్రాక్షతోటల్లో మందు కొట్టే కూలీల రక్తం మీద కూడా హైదరాబాదు పరిశోధకులు పరిశీలనలు చేశారు.

ఫలానా మందు వల్లనే అని ఆ పరిశీలన వేలుపెట్టి చూపలేదు. చూపడం కష్టం కూడా. మన రైతు ఒక్క మందు కొట్టి ఊరుకునే మనిషి కాడు. దుకాణదారు చెప్పాడని రెండు, పక్క చేను రైతు చెప్పాడని మూడోది, ఒకే బిందెలో కలిపి కొడతాడు. మూత నోటితో తీస్తాడు. కర్ర దొరక్కపోతే చేత్తోనే కలుపుతాడు. డబ్బా కారి వీపూ నడుమూ తొడలూ తడిసిపోతున్నా ఎకరం అయ్యేదాకా దించడు. మధ్యలో అదే చేత్తో బీడీ ముట్టిస్తాడు. తొడల సందున, గజ్జల్లో చర్మం పల్చగా ఉండి మందును ఒంటి మిగతా భాగాలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుందని వైద్యులు చెబుతారు. తడిసిన పంచె, నిక్కరు ఒంటి మీదే ఆరిపోవడం అన్నిటికన్నా చెడ్డ సంగతి.

డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణాలు ఉంటాయి. ఎరుపు ఎక్కువ విషం, ఆకుపచ్చ తక్కువ విషం అని చాలామంది రైతులకు తెలుసు. అయితే ఆ రంగులు చెప్పేది మందు ఒంట్లోకి పోతే ఎంత త్వరగా ప్రాణం మీదికి వస్తుందన్న సంగతి మాత్రమే. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సోకితే సంతానశక్తికి ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ గుర్తు ఉంది కదా అని చేతులు ముంచి కలపడం మంచిది కాదు.

లెక్కల మీద తగువు

ప్రపంచమంతా మగవారిలో వీర్యకణాలు తగ్గిపోతున్నాయన్న వార్త మొదట పెద్ద ఎత్తున వచ్చింది 1992లో. డెన్మార్కు శాస్త్రజ్ఞులు అంతకుముందు అచ్చయిన 61 పరిశీలనలను, అందులోని సుమారు 15 వేలమంది మగవారి లెక్కలను ఒకచోట చేర్చారు. 1940లో మిల్లీలీటరుకు సగటున 11 కోట్ల 30 లక్షలున్న కణాలు 1990 నాటికి 6 కోట్ల 60 లక్షలకు దిగాయన్నారు. 2017లో మరో బృందం, ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు తీసి, 1973 నుంచి 2011 లోపల సగానికి పైగా తగ్గుదల ఉందని చెప్పింది. అదే బృందం 2022లో ఆసియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలను కూడా కలిపి 53 దేశాల్లో 57 వేలమంది లెక్క చూసి, అక్కడ కూడా తగ్గుతున్నట్లు ప్రకటించింది.

దీన్ని ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. వారి వాదనలోనూ పస ఉంది. యాభై ఏళ్ల కిందట కణాలు లెక్కించిన పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు. ఎక్కడివారిని, ఎలాంటివారిని పరీక్షించారన్నది ప్రతిసారీ మారింది. పరీక్షకు ఇష్టపడి వచ్చేవారు ఊరందరికీ ప్రతినిధులు కారు. పైగా తగ్గినా చాలామందికి పిల్లలు పుట్టడానికి అది చాలు. మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలను కింది హద్దుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. సగటు ఇంకా దానికి ఎంతో ఎగువన ఉంది. కాబట్టి మగజాతి అంతరించిపోతుందన్న కేకలు నమ్మనక్కరలేదు. సగటు దిగినకొద్దీ ఆ హద్దు కిందికి జారేవారి సంఖ్య పెరుగుతుందన్నది మాత్రం కొట్టిపారేయలేని మాట.

వేడి, పొగ, ప్లాస్టిక్కు

అన్నింటికీ పురుగుమందే కారణం అనడం కూడా న్యాయం కాదు. వీర్యకణాలు తయారు కావడానికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి. వృషణాలను ప్రకృతి ఒంటి బయట పెట్టింది అందుకే. బట్టీల దగ్గర, కొలిమి దగ్గర, బాయిలర్ల దగ్గర గంటల తరబడి నిలబడేవారికి ఇది ఇబ్బందే. గట్టి జ్వరం వస్తే రెండు మూడు నెలలు కణాలు తగ్గుతాయి. పెద్దయ్యాక వచ్చే గవదబిళ్లలు వృషణాలకు పాకితే శాశ్వత నష్టం జరగవచ్చు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం చాలామందిలో కనబడే కారణం, దానికి ఆపరేషన్ ఉంది.

బీడీ, సిగరెట్టు, గుట్కా, సారా చేసే చెరుపు వేరే చెప్పనక్కరలేదు. పాత బ్యాటరీలు కరిగించే చోట సీసం చెరుపు చేస్తుందని ఎప్పుడో తేలింది. ఇప్పటి కుర్రాళ్లు కండల కోసం వేయించుకునే హార్మోను ఇంజక్షన్లు కండలు పెంచి కణాలను ఆపేస్తాయి. ప్లాస్టిక్కును మెత్తబరచే రసాయనాల మీద అనుమానం బలంగా ఉంది, పరిశోధన సాగుతోంది.

ఇన్ని కారణాలుండగా, బస్టాండు పక్క లాడ్జీలో నెలకోసారి మకాం వేసి, నాడి చూసి, బంగారు భస్మం పొట్లాలు కట్టే వైద్యుల దగ్గరకు మాత్రం మగవారు రహస్యంగా వెళతారు. గోడల మీద వారి ప్రకటనలు లేని ఊరు లేదు. ఆ పొట్లాలకు పెట్టే డబ్బులో పదో వంతు పెడితే అసలు పరీక్ష అయిపోతుంది.

పోయింది తిరిగి వస్తుందా?

కొందరికి వస్తుంది. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి చెరుపు చేసేదానికి దూరమైతే మూడు నెలల నుంచి ఏడాది లోపల మార్పు కనబడవచ్చు. డి.బి.సి.పి. ఫ్యాక్టరీ కార్మికులను ఇజ్రాయెల్ వైద్యులు పదిహేడేళ్లపాటు గమనించారు. కణాలు తగ్గినవారిలో కొందరు కోలుకుని తండ్రులయ్యారు. కణాలు పూర్తిగా పోయినవారిలో చాలామందికి తిరిగి రాలేదు. ముందుగా తెలుసుకున్నవాడికీ ఆలస్యంగా తెలుసుకున్నవాడికీ తేడా అక్కడే ఉంది.

మే నెల ఎండల్లో ప్లాస్టిక్ కోటు, కళ్లద్దాలు, ముసుగు వేసుకుని మందు కొట్టమంటే ఎవరూ వినరు, వినలేరు కూడా. చేయగలిగినవి చేయవచ్చు. పొద్దున్నే గాలికి ఎదురు కాకుండా కొట్టడం, కారే డబ్బాకు వాషరు మార్చడం, చేతులకు తొడుగు, నిండు చొక్కా, కాళ్లదాకా ప్యాంటు, కలపడానికి కర్ర. పని కాగానే సబ్బుతో స్నానం. విడిచిన బట్టలు ఇంటివారి బట్టల్లో కలపకుండా వేరుగా ఉతకడం. ఆ బట్టలు ఉతికేది ఇల్లాలే గనుక ఆమె చేతులకూ తొడుగు కావాలి. పిల్లల కోసం చూస్తున్న జంటలో భర్త ఒక సీజను పిచికారీ పని మరొకరికి అప్పజెప్పవచ్చునని కొందరు సలహా ఇస్తారు. ఆ మరొకరు కూడా ఒక ఇంటి మనిషేనన్న సంగతి అప్పుడు గుర్తుకు రావాలి.

పరీక్షకు వెళ్లేముందు

వీర్యపరీక్ష పెద్ద పని కాదు. సూది లేదు, కోత లేదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండి వెళ్లాలి. నమూనా లేబొరేటరీలోనే ఇవ్వడం మంచిది. ఇంటి నుంచి తెస్తే గంటలోపు చేరాలి, ఎండ తగలకూడదు. ఒక్కసారి తక్కువ వచ్చిందని కుంగిపోనక్కరలేదు, కొన్ని వారాలు ఆగి రెండోసారి చేయిస్తారు. ఏడాదిపాటు కలిసి ఉన్నా గర్భం రాకపోతే ఇద్దరూ ఒకేసారి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి.

గత మూడు నెలల్లో జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పాలి. చిన్నప్పుడో పెద్దయ్యాకో గవదబిళ్లలు వచ్చి ఉంటే చెప్పాలి. ఏ పంటకు ఏ మందులు ఎన్నిసార్లు కొట్టారన్నది చాలామంది చెప్పరు, డాక్టర్లు అడగరు కూడా. వెళ్లేముందు కొట్టంలోకి పోయి, ఖాళీ డబ్బాల మీది పేర్లు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే సరిపోతుంది.